అరగదీసిన పేరు

చెరపాల్సిన పేరు ముందు ‘కీ.శే.’ అని ఉంది. శ్యాంసుందర్ గంజును ఒళ్లోంచి తీసి కింద పెట్టాడు.

మంచి బరువైన గంజు, పదిమందికి వండే స్టీలు గిన్నె. ఇప్పుడొచ్చే సామానులా వేలితో నొక్కితే సొట్టపడే రకం కాదు. అంచు కింద సన్నని చుక్కల రాతలో ‘కీ.శే. చింతల లింగమూర్తి జ్ఞాపకార్థం’ అని ఉంది. తండ్రి పెద్దకర్మ నాడు అన్నదమ్ములు ఆడబిడ్డకు పెట్టిన గంజు అది. ఆ ఆడబిడ్డ కూడా పోయినట్టుంది. పొద్దున ఎవరో ఒకాయన కారు డిక్కీలోంచి గోనెసంచి దింపి, అమ్మమ్మ సామాను అని చెప్పి, తూకం వేయించి, ఎయిర్ ఫ్రయర్ పట్టుకుని పోయాడు.

వరంగల్ చౌరస్తాకు దగ్గర్లోని ఆ స్టీలు దుకాణంలో దసరా నుంచి ఎక్స్ఛేంజ్ మేళా నడుస్తోంది. పాత స్టీలు ఇస్తే తూకానికి తగ్గట్టు నాన్‌స్టిక్ పెనాలు, గాజు మూతల డబ్బాలు, ఎయిర్ ఫ్రయర్లు. పాత సామానంతా కరగడానికి పోతుందని బోర్డు మీద రాసి పెట్టారు. పలచటి సామాను పోయే మాట నిజమే. మందంగా, ఇప్పుడు చేయనంత గట్టిగా ఉన్నది మాత్రం దుకాణం వెనక గదికి వచ్చేది. అక్కడ శ్యాంసుందర్ ఉండేవాడు.

అంతకుముందు అతని చోటు వాకిట్లో. ఒక స్టూలు, కరెంటు సూది. ఎవరు ఏది కొన్నా, ఇచ్చేవాళ్ల పేరు, పుచ్చుకునేవాళ్ల పేరు రాసి ఇవ్వడం అతని పని. ఇప్పుడు పేర్లు అడిగేవాళ్లు తగ్గిపోయారు. పేరుంటే ఆ వస్తువును ఇంకో ఫంక్షన్లో ఇంకొకరికి ఇవ్వడానికి వీలుండదు కదా. అట్టపెట్టె కూడా విప్పని డిన్నర్ సెట్టు హన్మకొండ అంతా తిరిగి, కొన్నవాళ్ల ఇంటికే బహుమతిగా వచ్చిన ముచ్చట చెప్పి జనం నవ్వుకుంటున్నారు. వాకిట్లో స్టూలు ఖాళీ అయ్యాక భాస్కర్ సేటు అతన్ని వెనక గదిలో, చక్రం ముందు కూర్చోబెట్టాడు. పాత పేర్లు అరగదీయడం, నిగనిగలాడే దాకా రుద్దడం, కొత్త స్టిక్కర్ అంటించి ముందు అరలోకి పంపడం.

ఇన్నాళ్లూ అతను దానికి ఒక సమాధానం చెప్పుకున్నాడు. స్టీలు స్టీలే, కుళ్లిపోయేది కాదు, ఎవరికీ కడుపునొప్పి రాదు. కానీ ఈ గంజు చూశాక ఆ సమాధానం నోటికి రాలేదు. చేతులు తుడుచుకుని ముందుకు వెళ్లి, ఇది చావు సామాను, కరగడానికి పంపుదామని సేటును అడిగాడు.

సేటు ఫోన్ నుంచి కళ్లెత్తలేదు. “పేరుంటేనే చావు సామాను శ్యామన్నా. పేరు పోతే కొత్త సామాను. పో, కానియ్యి.”

సేటుకు కోపం కూడా లేదు. అదే శ్యాంసుందర్‌ను వెనక్కి పంపింది. మనిషి అరిస్తే తిరిగి అనడానికి ఒక మాటైనా దొరుకుతుంది.

ముందు ఎమరీ కాగితంతో అక్షరాల మీద అడ్డంగా తోమాడు. ఆ తర్వాత సన్న కాగితం. ఆకుపచ్చ పాలిష్ సబ్బును తిరిగే చక్రానికి తాకించి, గంజును మెల్లమెల్లగా తిప్పుతూ ఒత్తాడు. లింగమూర్తి నల్లటి మసిగా మారి అతని వేళ్ల సందుల్లోకి చేరాడు. అంచు ఒకచోట లోపలికి వంగి ఉంటే కొయ్య సుత్తితో తట్టి సరిచేశాడు. చూపుకు తెలియదు కానీ వేలు పెడితే తెలుస్తుంది.

మరునాడు సేటు అతన్ని కొత్త సరుకు దింపించడానికి గోదాముకు పంపాడు. సాయంత్రం కరీమాబాదులోని ఇంటికి వచ్చేసరికి, చీరల ఫాల్సు కుట్టే మిషను పక్కన, పసుపు రాసిన పీట మీద, ఎర్ర రిబ్బను కట్టి, ఒక గంజు ఉంది.

భార్య రమ చీర కొంగుతో దాన్ని మరోసారి తుడిచింది. మీ దుకాణంలోనే కొన్నానని చెప్పి, బాగుందా అని అడిగింది. అతను చెప్పులు విడవకుండానే వంగి అంచు చుట్టూ వేలు తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది.

“ఎవలు చూపెట్టిన్రు నీకు ఇది?”

“సేటే చూపెట్టిండు. ఏమాయె? మందం లేదా?”

ఉందన్నాడు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

శుక్రవారం రమ చెల్లెలు సుహాసిని గృహప్రవేశం. మరిది జీవన్‌కు రైల్వేలో ఉద్యోగం. కాజీపేటలో ఇల్లు కట్టుకున్నారు. ఆడపిల్ల కొత్తింట్లో పాలు పొంగించే గంజు తల్లిగారింటి నుంచి రావాలి. తల్లీదండ్రీ లేరు. తల్లిగారిల్లంటే ఇప్పుడు రమే. చెల్లెలి ఒళ్లో ఒడిబియ్యం పోయాల్సిందీ ఆమే, గంజు పెట్టాల్సిందీ ఆమే. పైగా సుహాసిని కడుపుతో ఉంది. రెండుసార్లు నిలవక పోయాక వచ్చిన కడుపు. అరుగు దిగాలన్నా చెల్లెలు ఒకటికి రెండుసార్లు చూసుకుని దిగుతోందని రమ రోజూ చెబుతూనే ఉంది.

ఇంకో ముల్లు కూడా ఉంది. జీవన్ అక్క పద్మలత రెండు తలుపుల ఫ్రిజ్ పెడుతోంది. వాళ్ల ఫంక్షన్లలో కట్నకానుకలు మైకులో చదువుతారు. ఎవరు ఏమి పెట్టారో వాకిట్లో అన్నం తినేవాళ్ల దాకా వినపడుతుంది. కిందటిసారి రమ పెట్టిన చీర పేరు చదివినప్పుడు పద్మలత పక్కామెతో ఏదో అని నవ్వింది. అది గుర్తొస్తే చాలు, రమ మిషను సూది విరిగిపోతుంది.

“పేరు నీ చేత్తోనే రాయాలె,” అంది రమ. “అక్కాబావల దీవెనలతో అని.”

రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి చాలాసేపు కలిపాడు. చచ్చినవాడి పేరు మీద పెట్టిన గంజు. దాన్లో, ఆ పిల్ల చేతులతో, కొత్తింట్లో, పాలు. చెబితే ఏమవుతుంది? దసరా నుంచి తాను చేస్తున్న పనేమిటో చెప్పాలి. ఇన్నాళ్లూ తమ ఇంటికొచ్చిన జీతం దేనికో చెప్పాలి. అది చెప్పినా, రమ దగ్గర ఇంకో గంజు కొనే శక్తి లేదు.

గురువారం దుకాణం తెరవగానే సేటు దగ్గర నిలబడ్డాడు. ఆ గంజు వెనక్కి తీసుకుని, కంపెనీ నుంచి వచ్చిన అసలు కొత్తది ఇవ్వమని, నెల నెలా జీతంలో పట్టుకోమని అడిగాడు. సేటు అగరొత్తులు వెలిగించి, దేవుడి పటం చుట్టూ తిప్పి, అప్పుడు మాట్లాడాడు.

“ఎందుకని అడుగుతది నీ భార్య. ఏమని చెప్తవ్?”

సేటు అగరొత్తులను పటం ముందు గుచ్చాడు.

“ఇయ్యాల నీ ఇంట్ల తెలుస్తది, రేపు కరీమాబాద్ మొత్తం తెలుస్తది. ఆన్‌లైనోడు ఒక దిక్కు, షాపింగ్ మాలోడు ఒక దిక్కు నన్ను నమిలి మింగుతాన్రు. నువ్వు కూడ మీద పడకు. జర ఊకో.”

మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చినప్పుడు అతను సిగ్గుపడాల్సిన పని ఒకటి చేశాడు. రమ పక్కింటికి వెళ్లిన సమయం చూసి, గంజును ఎత్తి, అరుగు మీది నుంచి బండరాళ్ల మీదికి వదిలేశాడు. సొట్టపడితే ఇవ్వడానికి పనికిరాదు కదా. గంజు గుడి గంటలా మోగి, రెండు పొర్లింతలు పొర్లి, మురికినీళ్ల మోరీ పక్కన బోర్లా పడింది. రమ పరుగున వచ్చింది. పక్కింటి ముసలమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ దాన్ని ఎత్తి తిప్పి చూశారు. గీత కూడా పడలేదు. పాతకాలపు స్టీలు ఎంత గట్టిదో అతనికి అప్పుడు ఇంకా బాగా అర్థమైంది.

చేయి జారిందన్నాడు. రమ అతని మొహం వంక చూసింది. గంజు కడిగి, తుడిచి, తెచ్చి అతని ముందు పెట్టింది. “రాయి,” అంది.

దుకాణం నుంచి తెచ్చుకున్న కరెంటు సూదిని ప్లగ్గులో పెట్టాడు. ఎన్ని వేల పేర్లు రాసిన చేయి. పెన్సిలు గీత అక్కర్లేదు, అద్దాలూ అక్కర్లేదు. సరిగ్గా లింగమూర్తి పేరు ఉన్నచోటే సూది ఆనించాడు. కొత్త రాత కింద పాతది పూర్తిగా పూడిపోతుందని ఆశ. బుర్రుమంటూ ‘అ’ మొదలైంది. ‘క్కా’ దగ్గర సూది పక్కకు లాగింది. కంటికి కనపడని పాత గుంటలోకి జారిందేమో. ‘దీవెన’లో ‘వె’ వంకరపోయింది. ఇన్నేళ్లలో అతను వంకరగా రాసిన మొదటి అక్షరం.

రమ దాన్ని వేలితో తడిమింది. “పర్వాలేదు. ఎవలు చదువుతరు,” అంది.

శుక్రవారం పొద్దున కాజీపేటలో కొత్తింటి నిండా మనుషులు, మామిడాకులు, రంగు వాసన. హాలు మధ్యలో, రిబ్బను కట్టి, పద్మలత ఫ్రిజ్ నిలబడి ఉంది. దాని పక్కనుంచి ఎవరు పోవాలన్నా ఒదిగి పోవాల్సి వస్తోంది. కుర్చీలో కూర్చున్న మైకు ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. సుహాసిని ఆకుపచ్చ పట్టుచీరలో ఎదురొచ్చి బావ కాళ్లకు వంగబోతే శ్యాంసుందర్ కంగారుగా వద్దని వెనక్కి జరిగాడు. ఆ పిల్ల మొహంలో భయం, సంతోషం ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. అక్క చేతిలోని గంజును చంకకెత్తుకుని, “ఎంత బరువుందే అక్కా,” అంటూ కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

ఆ నవ్వుతో అతనిలో ఏదో తెగిపోయింది.

రమను చెయ్యి పట్టి వెనక ఇరుకు వరండాలోకి తీసుకుపోయాడు. బయట మేళం మోగుతోంది. “రమా, ఆ గంజు కొత్తది కాదు,” అన్నాడు. “పాతది. నేనే పాలిష్ పట్టిన.”

రమ కదల్లేదు. “నాకెర్కనే.”

తనకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాడు.

“కొత్త దానికి నా దగ్గర చాలలేదు. సేటును అడిగితే ఇది చూపెట్టిండు. మీ ఆయన చేతి పనే, ఎవ్వలు గుర్తు వట్టరు అన్నడు. ఆ పొద్దే తెలిసింది నువ్వు ఏం పని చేస్తానవో. నువ్వే చెప్తవేమో అని చూస్తాన. అరుగు మీదికెళ్లి పడేసినప్పుడు కూడ చెప్తవేమో అనుకున్న.” గోడ వంక తిరిగింది. “పాతదైతే ఏమున్నది. మెరుస్తాంది గదా. మైకుల చదివితే ఎవలకు తెలుస్తది.”

“అది చావు గంజు రమా. కీర్తిశేషులు అని ఉండె దాని మీద.”

రమ మొహంలోంచి రక్తం దిగిపోవడం అతను చూశాడు. లోపలి నుంచి పిలుస్తున్నారు, పాలు పొయ్యి మీద పెట్టాలి, తల్లిగారి గంజు తీసుకురమ్మని. రమ వెళ్లింది. గుమ్మం దగ్గర నిలబడి ఉన్న చెల్లెలి చేతుల్లోంచి గంజును తీసుకుని, రొమ్ముకు అదుముకుంది.

“ఇది వద్దు చెల్లె.”

అందరూ చూశారు. ఏమైందని సుహాసిని అడిగింది. రమ గంజు అంచు మీద అరచెయ్యి వేసింది. నిజం చెబితే భర్త పేరు చెప్పాలి. “ఇది వేరేటోళ్లకని తెచ్చింది. మారిపోయింది. నీది ఇంటికాడనే మర్చిపోయిన,” అంది.

పేరు అంచు మీదే ఉంది, అక్కాబావల దీవెనలతో అని, వంకర ‘వె’తో సహా. దాన్ని అరచేత్తో కప్పుకుని అబద్ధమాడుతోంది. పద్మలత నవ్వలేదు, అంతకంటే మెత్తగా మాట్లాడింది. “పోనియ్యి వదినే, మనసొప్పకపోతే బలవంతమేమున్నది.”

శ్యాంసుందర్ అక్కడే, ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. రమ ఒకసారి అతని వైపు చూసింది. అతను కళ్లు దించుకుని తన గోళ్లలోని పాలిష్ మసిని చూసుకున్నాడు.

ఎవరో వెళ్లి, అద్దింటి నుంచి ఇంకా విప్పకుండా తెచ్చిన మూటలోంచి చాయ్ గిన్నె తీసుకొచ్చారు. అడుగు నల్లగా మాడిన గిన్నె. ఇది మంచిది కాదని ఇద్దరు ముగ్గురు గొణిగారు. సుహాసిని కళ్లు తుడుచుకుని, గిన్నెకు పసుపు రాసి, “పెండ్లయినకాంచి దీంట్లనే తాగినం, దీన్నే పెట్టుండ్రి,” అంది. పాలు పొంగాయి. మైకులో ఫ్రిజ్ పేరు రెండుసార్లు చదివారు. తల్లిగారింటి పేరు దగ్గర ఒడిబియ్యం అని చదివి ఆపేశారు.

బస్సులో గంజు ఇద్దరి మధ్యా సీటు మీద కూర్చుంది. నిట్ కాలేజీ స్టాపు దాటింది. రమ కిటికీ వైపే చూస్తూ, చాలా మామూలుగా, ఏ కూర వండాలో చెబుతున్నట్టు అంది:

“నేను అబద్ధమాడిన, పిసినారిదాన్నయిన, అది పోనియ్యి. నువ్వు నోరు తెరుస్తవనుకున్న.”

అంతే. ఇంటికి పోయాక కూడా ఆమె కోప్పడలేదు. గంజును బోర్లించి అటక మీదికి తోసింది. అన్నం పెట్టింది. చీరలు ముందేసుకుని కుట్టింది. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా అతను తల ఎత్తి చూశాడు. దారం మార్చుకోవడానికే ఆపుతోంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ మనిషితో ఒక గదిలో పడుకున్నాడు. ఆమె తిట్టకపోతే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అతనికి తెలియదు. తిట్టు రమా అనాలనిపించింది. అడగడానికీ ముఖం లేదు.

సోమవారం సేటు అతన్ని వెనక గది నుంచి ముందుకు పిలిచాడు. తొర్రూరు వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. పేరు పోశవ్వ. పత్తి ఏరే కూలీలకు చేను దగ్గరే వండి పెడుతుందట. పెద్ద గంజు కావాలట. దాని మీద పేరు కూడా కావాలట. సేటు అరలోంచి ఒకటి దింపి పెట్టాడు. శ్యాంసుందర్‌కు వేలు పెట్టి చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. దీపావళికి ముందు తాను రుద్దినదే. ‘అరుణ పెండ్లికి మేనమామ పాండురంగం’ అని ఉండేది.

స్టూలు మీద కూర్చుని సూది ప్లగ్గు పెట్టాడు. పోశవ్వ ఎదురుగా గొంతుక్కూర్చుని గంజును గోటితో కొట్టి, చెవి ఒగ్గి వింది. సంతోషంగా తల ఊపింది. చేతుల నిండా పత్తికాయ గీరుకున్న గాట్లు.

“ఏమి రాయాలె అవ్వా?”

“పోశవ్వ అని రాయి కొడుకా. కూలోళ్లు ఎత్కపోతరు.”

సూది బుర్రుమంటోంది. సేటు గల్లా దగ్గర ఎవరితోనో ఫోన్లో నవ్వుతున్నాడు. శ్యాంసుందర్ సూది ఆపేశాడు.

“అవ్వా, ఇది కొత్తది కాదు.”

చెప్పేశాక ఆగలేకపోయాడు. ఎవరో ఇచ్చేసిన గంజు అనీ, దాని మీద పేరుండేదనీ, తానే అరగదీశాననీ, అరలో ఉన్నవాటిలో చాలా అంతేననీ, గొంతు తగ్గించకుండా చెప్పాడు. దుకాణంలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు చేతుల్లోని గిన్నెలు వెనక్కి తిప్పి చూశారు. సేటు ఫోన్ కింద పెట్టాడు.

పోశవ్వ మాత్రం గంజునే చూస్తోంది. “పాతదా? గందుకే గింత మందమున్నది,” అంది. సేటు వైపు తిరిగి, “ఇగో సావుకారీ, పాతదాన్కి కొత్త ధరేంది? తగ్గియ్యి,” అంది. ఆమె మళ్లీ శ్యాంసుందర్ వైపు తిరిగింది. “ఎవల పేరుండె కొడుకా?”

చెప్పాడు.

“పెండ్లికి మేనమామ పెట్టిన గంజు అమ్ముకున్నదంటే ఎంత కష్టమొచ్చెనో ఆ బిడ్డకు.” ముసలామె గంజు అంచు నిమిరింది. “ఆ పేరు మళ్ల రాయి. ఎన్నడన్న ఈ గంజు ఆమె కండ్ల వడితే గుర్తు వట్టాలె గద. నా పేరు కింద రాద్దువు, చిన్నగ.”

ఆ అరుణ ఎవరో అతనికి గుర్తుంది. స్కూటీ మీద వచ్చి, గాజు మూతల డబ్బాలు పెట్టెతో సహా ఫోటో తీసుకుని, నవ్వుకుంటూ పోయింది. ఆ సంగతి పోశవ్వకు చెప్పలేదు. సూది ఆనించాడు.

“అది రాసినంక ఆ సూది ఆడ పెట్టి పో శ్యామన్నా,” అన్నాడు సేటు. ఇప్పుడూ అరవలేదు. “రేపటికెళ్లి రాకు.”

శ్యాంసుందర్ తలెత్తలేదు. సున్నాలు గుండ్రంగా, గుణింతాలు విడివిడిగా, తొందర లేకుండా రాశాడు. తనకు చదువు రాదని, చదివి వినిపించమని పోశవ్వ అడిగింది. వినిపించాడు. ఆమె రెండు పేర్లూ, తన పేరూ కలిపి ఒకసారి పైకి అనుకుని, గంజును చంకకెత్తుకుని తొర్రూరు బస్సుకు పోయింది.

అతను కరీమాబాదు చేరేసరికి ఎండ ఇంకా నడినెత్తికి రాలేదు. ఈ వేళప్పుడు గుమ్మంలో అతన్ని చూసి రమ మిషను ఆపింది. ఖాళీ చేతులు చూసింది. వచ్చే నెల ఎలా గడుస్తుందో ఇద్దరికీ తెలియదు.

“ఒక అవ్వకు చెప్పిన,” అన్నాడు. “అందరి ముంగట.”

రమ సూది కిందున్న చీరను తీసి మడిచింది. తర్వాత పక్కనున్న చీరలు జరిపి, చాప మీద అతనికి చోటు చేసింది.